వార్తాలేఖ: చచ్చిపోయిన దొంగ గురించి, ఇంకొన్ని విషయాలు

తల్లిదండ్రులకు, పిల్లల్ని దగ్గరుంచుకుని చదివిస్తున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు నమస్కారం.

పోయిన సోమవారం నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫోటో తిరుగుతోంది. మన స్కూల్లో శనివారాలు ఆడిస్తున్న పాచికల కథ ఆటలో ఎనిమిదో తరగతి బాబు తన పాత్ర గురించి లెక్కల రఫ్ నోట్సులో రాసుకున్న పేజీ అది. "ప్రాణం 4" అని రాసి కొట్టేసి, "ప్రాణం 1" అని రాసి అదీ కొట్టేసి, కింద "ప్రాణం 0. దొంగ చచ్చిపోయాడు" అని ఉంది. పక్కన పాచిక బొమ్మ. ఆట అయిన రాత్రి బాబు అన్నం తినకుండా ఏడ్చాడని వాళ్ళమ్మగారు కంగారుపడి గ్రూపులో అడిగారు. తల్లికి ఆ కంగారు సహజం. కానీ తెల్లారేసరికి అది "స్కూల్లో జూదం ఆడిస్తున్నారు", "క్షుద్రపూజలు నేర్పిస్తున్నారు" అయి కూర్చుంది. మంగళవారం తొమ్మిది మంది ఆఫీసుకు వచ్చి అడిగారు. రాలేకపోయినవాళ్ళ కోసం ఈ ఉత్తరం.

మిగతా సంగతులు ముందే చెప్పేస్తాను. ప్రోగ్రెస్ కార్డులు శనివారం ఇస్తాం, సంతకం చేసి సోమవారం పంపండి. కార్తీక వనభోజనాలకు తాటిపూడి వెళ్తున్నాం, అనుమతి పత్రం శుక్రవారంలోగా రావాలి. నవంబర్ 14న పిల్లలు మామూలు బట్టల్లో వస్తే చాలు, అద్దె డ్రెస్సులు వద్దు.

ఇక ఆట విషయం. జూలై నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు లైబ్రరీ గదిలో మన లెక్కల మాస్టారు ఆడిస్తున్నారు. క్లాసులేవీ పోవడం లేదు. మొదట 11 మంది వచ్చేవారు, ఇప్పుడు 23 మంది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు: యోధుడు, పూజారి, మంత్రగాడు, దొంగ. పాతబడ్డ కోట కిందో, కొండ గుహలోనో దిగుతారు. "ముందు చీకటి, ఎడమ పక్క నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఏం చేస్తారు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. పిల్లలు చెబుతారు. ఫలితం తేలని చోట పాచిక వేస్తారు. పందెం ఉండదు, పైసా చేతులు మారదు. మన ఇళ్ళలో గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడితే దాన్ని ఎవరూ జూదం అనలేదు కదా.

ఈ తరహా ఆట కొత్తదేమీ కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైంది. 1980లలో అక్కడి తల్లిదండ్రులు కూడా ఇది పిల్లల్ని క్షుద్రవిద్యల్లోకి లాగుతుందని గట్టిగా భయపడ్డారు. ఆ భయానికి ఆధారం దొరకలేదు. ఆ పెద్ద పేరున్న ఆట పుస్తకాలన్నీ కొనాలంటే వేలల్లో అవుతుంది, మన స్కూలు వల్ల కాదు. మేము ఆడేది బేసిక్ ఫ్యాంటసీ. క్రిస్ గోనర్‌మన్ అనే ఆయన పాత పద్ధతి నియమాల్ని సులువు చేసి రాశారు, చాలామంది స్వచ్ఛందంగా చెయ్యి వేశారు. పుస్తకం ఉచితంగా దింపుకోవచ్చు. 2023లో వచ్చిన నాలుగో ముద్రణను ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు, అనువాదం చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. కావలసిన పేజీలు జిరాక్సు తీయించాం, పాచికలు రెండు సెట్లు కొన్నాం. మీ ఫీజులోంచి ఒక్క రూపాయి ఇందులోకి పోలేదు, మాస్టారు తన జేబులోంచి పెట్టుకున్నారు. నేను ఇస్తానన్నా తీసుకోలేదు.

ఆ దొంగ ఎలా చచ్చిపోయాడో చెప్పాలి, ఎందుకంటే ఫోటోలో అది లేదు. మొదటి మెట్టులో ఉన్న దొంగకి నాలుగు ముఖాల పాచిక వేసి ప్రాణం ఇస్తారు, అంటే మహా అయితే నాలుగు. గాబ్లిన్ అనే మరుగుజ్జు రూపు శత్రువు కత్తి తగిలి మూడు పోయాయి. వెనక్కి వచ్చేద్దామని మిగతావాళ్ళు అన్నారు. మనవాడు వినలేదు. పొడుగు కర్రతో నేల తడుముకుంటూ వెళ్ళాల్సిన చోట పరిగెత్తాడు, పది అడుగుల గోతిలో పడ్డాడు. సున్నా. మర్నాడు వాళ్ళ నాన్నగారు వచ్చి, "పోనీ ఆ దొంగని బతికించెయ్యండి మాస్టారూ" అని అడిగారు. మాస్టారు కుదరదన్నారు. నేనూ అదే అంటాను. ఆ గొయ్యి ఉంటుందని మాస్టారు రెండుసార్లు సూచన ఇచ్చారు. తనే నిర్ణయించుకున్నాడు, తనే పోగొట్టుకున్నాడు. పిల్లవాడు ఏడవడం తప్పు కాదు, ఏడవనివ్వండి. పక్కన కూర్చుని ఏం జరిగిందో అడిగితే అన్నం కూడా తినేవాడు.

తరవాత జరిగింది ఇంకా ఎవరికీ తెలియదు. ఆ గదిలో 300 వెండి నాణేలు దొరికాయి. దివిటీ ఒక్కటే మిగిలింది. వెండీ, స్నేహితుడి శవమూ రెండూ మోస్తే నడక సగానికి పడిపోతుంది, పైకి చేరకముందే వెలుతురు ఆరిపోతుంది. ఐదుగురు పిల్లలు ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. ఏడో తరగతి పాప, క్లాసులో నోరు విప్పి ఎరగని పాప, లేచి నిలబడి "వాళ్ళమ్మకి ఏటి సెప్తాం?" అంది. వెండి అక్కడే వదిలేసి శవాన్ని మోసుకొచ్చారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ముప్పై ఏళ్ళ నౌకరీలో నీతి పాఠాలు చాలా చెప్పాను, ఇలా ఒక్కసారీ జరగలేదు.

ఆ పాప అన్న మాట గురించే ఇంకొంచెం చెప్పాలి. మన పిల్లల్ని "నీ సొంత మాటల్లో చెప్పు" అంటే బిక్కమొహం వేస్తారు. రెండో తరగతి నుంచి క్వశ్చన్ బ్యాంకు బట్టీ పడుతున్నవాళ్ళకి సొంత మాట ఎక్కడినుంచి వస్తుంది? ఈ ఆటలో జవాబు పుస్తకం వెనక పేజీలో ఉండదు. ఏం చేస్తావో నువ్వే చెప్పాలి, పక్కవాళ్ళు నమ్మేలా చెప్పాలి. ఎదురుపడ్డ ప్రతి ప్రాణీ మీద పడి కొట్టదు. రెండు పాచికలు వేసి దాని మనసు ఎలా ఉందో చూస్తారు, మంచి మాటతో బయటపడే దారీ ఉంటుంది. అందుకని పిల్లలు మాట్లాడుతున్నారు. "దివిటీ ఆరిపోనాది మేస్టారూ" అని మన యాసలో, గుండె నిండా ఊపిరి తీసుకుని మాట్లాడుతున్నారు. నియమాలకి తెలుగు పేర్లు కూడా వాళ్ళే పెట్టుకున్నారు. విషం, మంత్రం లాంటివి తప్పించుకోవడానికి వేసే పాచికకి "గండం పాచిక" అని పేరు. ఇంతకన్నా మంచి మాట నాకు తట్టలేదు. ఇంట్లో యాస మాట్లాడితే కసురుతున్నామని మీలో కొందరు నాతో గర్వంగా చెప్పారు. దయచేసి ఆ పని చెయ్యకండి. జనం మాట్లాడే తెలుగులో గురజాడ రాసిన నాటకం 1892లో మన విజయనగరంలోనే ఆడారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, మన ఊళ్ళోనే చదువుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేస్తున్నాం. ఆ యాసని ఇంట్లో నోరు మూయిస్తే దండ ఎవరికి వేసినట్టు?

లెక్కలు దెబ్బతింటాయన్నవారికి ఒక సంగతి. పాత్ర బలం, తెలివి వగైరా ఆరు గుణాలకి మామూలు ఆరు ముఖాల పాచికలు మూడేసి వేసి కలుపుతారు. 216 రకాలుగా పడే వీలుంటే, 18 రావడానికి ఒక్కటే దారి, 10 రావడానికి 27 దారులు అని పిల్లలు తామే రాసుకుని తేల్చారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పెళ్ళి శుభలేఖల అట్టతో 20 ముఖాల పాచిక చేసింది. సరిగ్గా పడుతోందో లేదో చూడాలని 200 సార్లు వేసి లెక్క రాసింది. ఒక్కో అంకె పదిసార్లు అటూఇటూ రావాలి, 17 మాత్రం 19 సార్లు వచ్చింది. ఎదురెదురు ముఖాలు కలిపితే 21 కాబట్టి 17కి ఎదురుగా ఉన్న 4 వైపు విప్పి చూసింది. అక్కడ జిగురు రెండు పొరలు పడి ఆ వైపు బరువెక్కింది. ఆ పాచిక, ఆ లెక్క కాగితం నా టేబుల్ మీదే ఉన్నాయి, ఎవరొచ్చినా చూపిస్తున్నాను.

చెప్పక తప్పని మాటలు ఇంకొన్ని. ఈ ఆటవల్ల పిల్లలు నిద్రపోవడం లేదన్నారు. నేను క్లాసుల్లో అడిగాను. పదకొండు దాటాక కూడా ఇంట్లో టీవీ, ఫోను నడుస్తుంటే తామెలా పడుకుంటామని పిల్లలు అంటున్నారు. భోజనం దగ్గర ఫోను పక్కన పెడితే చాలా సమస్యలు తీరతాయి. సైన్సు ప్రాజెక్టులు స్టేషనరీ షాపులో కొని పంపడం మీ ప్రేమ అని నాకు తెలుసు, కానీ ఆ థర్మోకోల్ అగ్నిపర్వతం పోయిన నెలలోనే నాలుగుసార్లు చూశాను. మర్చిపోయిన వాటర్ బాటిల్ ఇవ్వడానికి పదిన్నరకి గేటు దగ్గరకి రాకండి, ఇక్కడ నీళ్ళు ఉన్నాయి. గ్రూపులో పెట్టేముందు నాకొక ఫోన్ చెయ్యండి, ఎత్తుతాను.

"మా వాణ్ణి దొంగ అంటున్నారు" అని బాధపడ్డ నానమ్మగారికి: అది పాత్ర పేరమ్మా, మనవడి పేరు కాదు. ఈసారి పూజారిగా ఆడతానంటున్నాడు, మీకు నచ్చుతుంది.

వచ్చే శనివారం రెండు గంటలకి ఆరుగురు పెద్దలకి కుర్చీలు వేయిస్తాం. చూడ్డానికి కాదు, ఆడ్డానికి రండి. ఫోన్లు ఆఫీసులో ఇవ్వాలి. పేర్లు గురువారంలోగా క్లాస్ టీచరుకి చెప్పండి.

ఎనిమిది ముఖాల నీలం పాచిక ఒకటి కనిపించడం లేదు. యూనిఫాం ఉతికేటప్పుడు జేబులు ఒకసారి చూసి, దొరికితే పంపించండి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు, విజయనగరం