దొంగ షేరని తెలిసినా చిన్న మదుపరికి దారి లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మన తెలుగు పత్రికల బిజినెస్ పేజీల్లో పెరిగిన షేర్ల కథలు బాగానే వస్తున్నాయి గానీ, ఆ షేరు అంత ధర చేయదని అనుమానం వచ్చినవాడు ఏం చేయాలో ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం. నేను గుంటూరులో ఒక బ్రోకింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఇంజనీరింగ్ చదివే పిల్లల దగ్గర్నుంచి రిటైరైన మాస్టార్ల దాకా "ఇది ఆపరేటర్ షేరండీ, పక్కాగా పడుతుంది, షార్ట్ కొట్టేద్దాం" అని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఆపరేటర్ అంటే తెరవెనక ఉండి షేరు ధరను కృత్రిమంగా ఆడించేవాడు. వాళ్ల అనుమానం చాలాసార్లు నిజమే. లాభాలు కాగితం మీద పెరుగుతున్నా చేతికి నగదు రాకపోవడం, ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) వాటాలో చాలా భాగం తాకట్టులో ఉండటం, ఆడిటర్ గడువు తీరకుండానే రాజీనామా చేసి వెళ్లిపోవడం, ఇలాంటివన్నీ మన కుర్రాళ్లు వార్షిక నివేదికలు తిరగేసి కనిపెడుతున్నారు. అది చూస్తే నాకు నిజంగా సంతోషమే. గొడవంతా ఆ తర్వాత వాళ్లు వేసే అడుగుతోనే.

మన దగ్గర లేని షేరును ముందు అమ్మి, ధర పడ్డాక కొని లెక్క సరిచేసుకోవడమే షార్ట్ సెల్లింగ్. ఇందులో తప్పేమీ లేదు. 2024 జనవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన సర్క్యులర్‌లో రిటైల్ మదుపరులు సహా అందరూ షార్ట్ చేయొచ్చని స్పష్టంగా ఉంది, సెటిల్‌మెంట్ (లావాదేవీ లెక్క తేల్చే రోజు) నాటికి షేర్లు అప్పగించాల్సిందేనన్నది షరతు. అయితే షేర్లు అప్పు దొరకని మామూలు మదుపరికి క్యాష్ మార్కెట్‌లో మిగిలేది ఇంట్రాడే ఒక్కటే. పొద్దున అమ్మినది సాయంత్రం మూడున్నర లోపు కొనేయాలి. కంపెనీ లెక్కల్లో మోసం బయటపడటానికి ఏళ్లు పడుతుంటే, దాని మీద పందెం కాసినవాడికి ఉన్నది ఆరుంబావు గంటలు!

ఆపరేటర్లు ఆడించే షేర్లలో ఇంకో ప్రమాదం ఉంది. వీటికి రోజుకు 5, 10, 20 శాతం అంటూ సర్క్యూట్ పరిమితి ఉంటుంది, ఆ రోజు ధర అంతకు మించి కదలదు. షార్ట్ కొట్టాక షేరు ఆ పై పరిమితికి, అంటే అప్పర్ సర్క్యూట్‌కు పోయిందనుకోండి, స్క్రీన్ మీద కొనేవాళ్ల వైపు లక్షల షేర్ల ఆర్డర్లు వరసగా ఉంటాయి, అమ్మేవాళ్ల వైపు సున్నా. తిరిగి కొనేసి లెక్క మూసేద్దామని స్క్వేర్ ఆఫ్ ఎన్నిసార్లు నొక్కినా ఆర్డరు పెండింగ్‌లోనే ఉంటుంది. మూడుంబావు దాటాక బ్రోకర్ సిస్టమ్ తనంతట తాను కొనడానికి చూస్తుంది, దానికీ దొరకదు. ఫలానా ధర దాటితే దానంతటదే కొనేసే స్టాప్‌లాస్ పెట్టాను కదా అంటారు. ఎదురుగా అమ్మేవాడే లేనప్పుడు స్టాప్‌లాస్ ఏం చేస్తుంది? మీరు షేర్లు ఇవ్వలేకపోయారు కాబట్టి ఆ షేర్లు వేరేవాళ్ల దగ్గర కొనడానికి ఎక్స్ఛేంజ్ ఆక్షన్ (వేలం) పెడుతుంది. అక్కడా ఎవరూ అమ్మకపోతే క్లోజ్ అవుట్ చేస్తారు, అంటే షేర్లకు బదులు డబ్బుతో లెక్క తేలుస్తారు. మీరు అమ్మిన రోజు నుంచి ఆక్షన్ రోజు దాకా పలికిన అత్యధిక ధర, లేదా ఆక్షన్ రోజు ముగింపు ధరకు 20 శాతం కలిపిన ధర, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది మీ ఖాతాలోంచి పోతుంది. నాలుగు వేలు లాభం చూద్దామని దిగినవాళ్లు ఆ డెబిట్ చూసి మాట రాక నిలబడిపోవడం నాకు తెలుసు. ఈ ఆక్షన్ సంగతి మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో చాలామందికి ముందుగా తెలియదు, తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో షార్ట్ సెల్లింగ్ క్లాసులు చెప్పేవాళ్లలో కూడా దీన్ని సరిగా చెప్పినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు.

ఫ్యూచర్స్‌లో (రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల్లో) అయితే ఆ సాయంత్రమే కొనేయకుండా పొజిషన్‌ను మర్నాటికీ ఉంచుకోవచ్చు. కానీ లాట్ (ఒకేసారి తీసుకోవాల్సిన కనీస షేర్ల కట్ట) విలువ లక్షల్లో ఉంటుంది, ధర పెరిగిన ప్రతిరోజూ నష్టం ఏ రోజుకు ఆ రోజు కట్టాలి, 2019 అక్టోబరు నుంచి స్టాక్ ఫ్యూచర్స్‌లో ఎక్స్‌పైరీ (ఒప్పందం గడువు తీరే రోజు) దాకా ఉంటే షేర్లే అప్పగించాలి. పైగా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) లో ఉండేవి పెద్ద కంపెనీలు. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊదరగొట్టే చిన్నాచితకా షేర్లు, చిన్న, మధ్యతరహా సంస్థల ఎస్‌ఎంఈ షేర్లు అసలు అందులో ఉండవు.

పెద్ద షేరే అయినా, మన అంచనా నూటికి నూరుపాళ్లు నిజమే అయినా డబ్బు పోవచ్చు. యెస్ బ్యాంకునే చూడండి. 2020 మార్చి 5న రిజర్వ్ బ్యాంకు మారటోరియం పెట్టింది, ఖాతాదారులు 50 వేలకు మించి తీసుకోకూడదన్నారు, మర్నాడు షేరు ఒక దశలో 5.55 రూపాయలకు పడిపోయింది. ఆ బ్యాంకు పని అయిపోయిందని అనడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మార్చి 13న కేంద్రం నోటిఫై చేసిన పునర్‌నిర్మాణ పథకంలో ఒక నిబంధన వచ్చింది: వందకు మించి షేర్లు ఉన్నవాళ్ల వాటాలో 75 శాతం మూడేళ్లపాటు అమ్మకూడదు. దాంతో మార్కెట్లో అమ్మడానికి షేర్లే కరువయ్యాయి. ఆ రోజు 25 రూపాయల దగ్గర ఉన్న షేరు మూడు ట్రేడింగ్ రోజులు తిరిగేసరికి, మార్చి 18న, 87 రూపాయలు దాటింది. షార్ట్ చేసినవాళ్లు ఏ ధరకైనా కొని బయటపడాల్సి వచ్చింది. అదే ఏడాది జులైలో ఆ బ్యాంకు ఎఫ్‌పీఓకు (జనానికి మళ్లీ కొత్త షేర్లు అమ్మడానికి) వచ్చింది, షేరు 12 రూపాయలకే ఇచ్చింది. అంటే షార్ట్ చేసినవాళ్ల అంచనా చివరికి నిజమైంది, కానీ అప్పటికి వాళ్ల ఖాతాలు తుడిచిపెట్టుకుపోయాయి.

మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ సంగతి కూడా అంతే. 2008 వేసవిలో 500 రూపాయలు పలికిన షేరది, ఆ ఏడాదే కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న దాని చైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చి, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని తేలాక, 179 దగ్గరున్న షేరు ఒక్కరోజులో 40కి వచ్చింది. దాని లెక్కల మీద అంతకు కొన్నేళ్ల ముందే అనుమానపడి ఎవరైనా షార్ట్ చేసి ఉంటే నెలనెలా రోలోవర్ చేసుకుంటూ (ఒప్పందాన్ని వచ్చే నెలకు మార్చుకుంటూ), మార్జిన్ (పూచీ సొమ్ము) కట్టుకుంటూ ఆ జనవరి దాకా నిలబడగలిగేవారా? మామూలు జీతగాడు నిలబడలేడు. కానీ అనుమానం వచ్చిన రోజే తన దగ్గరున్న షేర్లు అమ్ముకున్నవాడు పైసా ఖర్చు లేకుండా బతికి బట్టకట్టేవాడు. అందుకే నన్ను అడిగేవాళ్లకు ముందు ఇదే చెబుతాను: అనుమానం వస్తే కొనకండి, ఉంటే అమ్మేయండి. తప్పదనుకుంటే, ఎఫ్ అండ్ ఓ లో ఉన్న షేరయితే, ఒక పుట్ (ముందే అనుకున్న ధరకు అమ్ముకునే హక్కు) కొనండి, పోతే దానికి కట్టిన ప్రీమియమే పోతుంది, కాకపోతే ఎక్స్‌పైరీ ముందే పొజిషన్ తీసేయండి. అదీ తేలిక సొమ్మేమీ కాదు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది.

ఇక సెబీకి నేను చెప్పదలచుకున్నది. షేర్లను అద్దెకు తీసుకుని షార్ట్ చేసే ఎస్‌ఎల్‌బీ పద్ధతి మన దగ్గర 2008 ఏప్రిల్ నుంచి ఉంది. ఏడాది దాకా గడువు తీసుకోవచ్చు. డీమ్యాట్‌లో ఊరికే పడి ఉన్న షేర్లకు ఇచ్చినవాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి. ఇంత మంచి ఏర్పాటు ఇన్నేళ్లయినా పాకుతూనే ఉంది, చాలామంది బ్రోకర్లు కస్టమర్ల దగ్గర ఆ పేరే ఎత్తరు, జాబితాలో ఉన్నా ఇచ్చేవాళ్లు దొరకరు. ఈ దారి సరిగా నడిస్తే ఇంట్రాడే సర్క్యూట్లలో ఇరుక్కుపోయే అవస్థ చాలామందికి తప్పుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా, ఆపరేటర్ ఎగదోసే షేరుకు ఎదురుగా అమ్మేవాడంటూ ఒకడు ఉంటాడు. ఇప్పుడు వాళ్లకు అడ్డు చెప్పేవాడే లేడు, అందుకే అంత ధైర్యంగా ఆడిస్తున్నారు. డీమ్యాట్ యాప్‌లో కొనడం, అమ్మడం పక్కనే షేర్లు అద్దెకివ్వడం కూడా ఒక్క నొక్కుతో అయ్యేలా బ్రోకర్లందరికీ తప్పనిసరి చేయాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. వరసగా అప్పర్ సర్క్యూట్లు కొట్టిన షేరు గురించి రాసేటప్పుడు ప్రమోటర్ల తాకట్టు ఎంత, ఎక్స్ఛేంజ్ పెట్టిన ఏ నిఘా జాబితాలో ఉంది, గత త్రైమాసికంలో అమ్మకాలెంత అన్న మూడు ముక్కలు ఆ వార్తలోనే వేయండి. అవన్నీ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికేవే.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు