అక్వేరియం సంప్ ఇంట్లోనే కట్టుకుంటామంటున్న మా కస్టమర్లకు

ఎండలు ముదిరేసరికి షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది సంప్ గురించే అడుగుతున్నారు. అక్వేరియం స్టాండు లోపల రెండో తొట్టి పెట్టి, పై ట్యాంకు నీళ్లు అందులోకి దిగి, ఫిల్టరై, మోటారుతో మళ్లీ పైకి ఎక్కేలా చేసుకునే ఏర్పాటు ఇది. మొత్తం నీళ్లు పెరుగుతాయి కాబట్టి విజయవాడ ఎండకు కూడా అంత త్వరగా వేడెక్కవు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, మే నెలలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే. కాబట్టి సంప్ పెట్టుకోవడం మంచి ఆలోచనే, సొంతంగా కట్టుకోవడం ఇంకా మంచిది.

ఈ నెల నుంచి సంప్ కోసం వచ్చినవాళ్లకు మేం ఆక్రిలిక్ షీట్లు అమ్మం. ప్లాస్టిక్ టబ్బుల్లో అడ్డుపలకలు (సంప్‌ను గదులుగా విడదీసే పలకలు) అతికించి ఇవ్వమన్నా ఒప్పుకోం. ఆక్రిలిక్ మీద మాకు మిగిలేది ఎక్కువే, అయినా ఆపేస్తున్నాం. పల్చటి షీటు నీళ్ల బరువుకు ఉబ్బుతుంది. దాని అతుకులకు వేరే సాల్వెంట్ కావాలి, అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. మొదటిసారి చేసేవాళ్లకు అది కష్టం. ఇక టబ్బుల ప్లాస్టిక్‌కు సిలికాన్ (గాజు అతికించే జిగురు) అసలు పట్టుకోదు. ఈరోజు అతికినట్టే ఉన్న పలక కొన్నాళ్లకు ఊడి వస్తుంది. టబ్బే కావాలంటే అడ్డుపలకలు లేకుండా వాడుకోండి. స్పాంజి, సిరామిక్ రింగులు వల సంచుల్లో వేసి, ఓ మూల మోటారు పెడితే మంచినీటి చేపలకు చక్కగా పనిచేస్తుంది.

మా సలహా మాత్రం మామూలు గాజే. రెండడుగుల సంప్‌కు 6 ఎంఎం, అడ్డుపలకలకు 5 ఎంఎం సరిపోతుంది. మీ పేటలోని అద్దాల షాపులోనే కోయించుకుని, అంచులు రుద్దించుకోండి. టఫెండ్ గాజు (వేడిచేసి గట్టిపరిచింది) తీసుకోవద్దు, దానికి తర్వాత రంధ్రం వేయబోతే మొత్తం పగిలిపోతుంది.

అసలు జాగ్రత్త సిలికాన్ దగ్గర కావాలి. ట్యూబు తిప్పి వెనక రాసింది చదవండి. యాంటీ ఫంగల్ అని ఉంటే పక్కన పెట్టేయండి. బాత్రూముల్లో బూజు పట్టకుండా అందులో కలిపే మందు చేపలకు విషం. అక్వేరియానికి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వస్తే కంగారు పడకండి, ఆ రకం సిలికాన్‌కు అది మామూలే. గాజు అంచుల్ని ముందు అసిటోన్‌తో తుడవండి, వేలిముద్ర ఉన్నా అక్కడ పట్టు తగ్గుతుంది. సిలికాన్ వేసిన గంటకే పైపొర ఆరిపోతుంది కానీ, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. వారం ఆగి నీళ్లు పోయండి. కారితే పాత సిలికాన్‌ను బ్లేడుతో పూర్తిగా గీకేసి మళ్లీ వేయాలి. పాతదాని మీద కొత్తది అంటుకోదు.

పైపులకు పీవీసీ వాడండి. ఇత్తడి నిపుల్ (పైపులు కలిపే ముక్క) గట్టిగా ఉంటుంది కదా అని పెట్టొద్దు. అందులోంచి దిగే రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా ముందే ఆలోచించుకోండి. మోటారు ఆగగానే పై ట్యాంకు నీళ్లు కొన్ని సంప్‌లోకి దిగుతాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న ట్యాంకులో ఒక్క అంగుళం నీళ్లు కిందికి దిగినా 14 లీటర్లు అవుతుంది. సంప్‌లో ఎప్పుడూ అంతకు మించిన చోటు ఖాళీగా ఉండాలి. పైకి వెళ్లే పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం పెడితే, మట్టం అక్కడిదాకా దిగగానే గాలి పీల్చుకుని నీళ్లు వెనక్కి రావడం ఆగిపోతుంది. ఆ రంధ్రానికి నాచు పట్టకుండా చూసుకుంటూ ఉండాలి.

గాజు కోయించే ముందు స్టాండు లోపలి కొలతలతో పాటు దాని తలుపు వెడల్పూ రాసుకుని షాపుకు రండి. లోపల చోటు ఉండి కూడా తలుపులోంచి సంప్ దూరక స్టాండు విప్పిన ఇళ్లున్నాయి. కొలతలిస్తే ఏ పలక ఎంత ఉండాలో కాగితం మీద గీసిస్తాం. దానికి డబ్బులేం తీసుకోం. గాజు మా దగ్గర కొనక్కర్లేదు.