ఆరు సిట్టింగ్‌లకు డబ్బు కట్టించుకుని మూడింటికే వదిలేశారు

మేనేజర్ గారికి,

నా ఫైలు నంబరు కవరు మీద రాశాను. ఈ ఉత్తరం ఎవరెవరి చేతుల్లో పడుతుందో తెలియదు కాబట్టి లోపల పేరు రాయడం లేదు.

షుగర్ వచ్చిన పదకొండేళ్ల నుంచి మీ ఆస్పత్రినే నమ్ముకున్నాను. మా ఆవిడ థైరాయిడ్‌కీ, మా అమ్మ మోకాళ్లకీ మీ దగ్గరికే వచ్చాం. అంగస్తంభన సమస్య నోరు విప్పి చెప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మాత్రలు పనిచేయడం తగ్గాక, షాక్‌వేవ్ (మెషిన్‌తో ధ్వని తరంగాలు పంపడం), పీఆర్పీ (నా రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్) కలిపి చేస్తే రక్తనాళాలు బాగుపడతాయని మీరే చెప్పి ఆరు సిట్టింగ్‌లకు ఒకేసారి కట్టించుకున్నారు. నాలుగోదానికి రాజోలులో తెల్లవారుజామున బస్సెక్కి వస్తే మెషిన్ రిపేరన్నారు. మెషిన్ పాడవడాన్ని నేను తప్పుపట్టను. నా కోపం ఆ తర్వాత జరిగినదాని మీద.

ఇది ఇంట్లో కూర్చుని ఫోన్లో మాట్లాడే విషయమా? ప్రతిసారీ కాలవ గట్టు మీదకి వెళ్లి, కొబ్బరి చెట్ల కింద నిలబడి చేశాను. మొదట ఎత్తిన అమ్మాయి "సార్, వినపడట్లేదు, ప్రాబ్లం ఏంటో కాస్త గట్టిగా చెప్పండి" అంది. గేదెల్ని తోలుకెళ్తున్న పిల్లాడు ఆగి నా వైపు చూశాడు. తర్వాత ఎత్తినాయన బిల్లింగ్‌కి కలిపాడు, వాళ్లు డాక్టర్ గారి అసిస్టెంటుకి, ఆయన మళ్లీ మొదటి నంబరుకే. ప్రతివాళ్లకీ మొదట్నించీ చెప్పుకున్నాను. రెండు వారాలకి "మీ కంప్లైంట్ పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

నెల తర్వాత మీ నుంచి ఫోనొస్తే ఆశపడ్డాను. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) కూడా కలిపితే రిజల్ట్ ఇంకా బాగుంటుంది, ఆఫర్ ఉంది అంది ఆవిడ! నా కంప్లైంట్ సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. అమలాపురంలో వేరే డాక్టర్ గారిని అడిగితే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివాటికి క్లినికల్ ట్రయల్ బయట స్టెమ్ సెల్స్ ఇవ్వకూడదన్నారు. పీఆర్పీ కూడా ఇంకా ప్రయోగమేనని అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ 2018లోనే చెప్పిందట. ఆ ముక్క డబ్బు కట్టకముందు మీ నోటి నుంచి వినాల్సింది.

గుణం కనిపించకపోయినా ఊరుకునేవాణ్ణి. నేనూ మనిషినే అనుకుని ఒక్క డాక్టర్ ఫోన్ చేసి ఉంటే చాలు. మిగిలిన మూడింటి డబ్బు సంగతి కూడా తేల్చండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అక్కడ నా పేరు బయటపడుతుందని తెలుసు. పడనివ్వండి.

ఫోన్ చేస్తే సాయంత్రం ఐదు దాటాక చేయండి. గట్టు మీద ఉంటాను.

ఇట్లు,
రాజోలు నుంచి మీ పాత పేషెంట్