రామప్ప చెరువు బాటలను నక్షాకెక్కించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

మొన్న డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ముందు నిలబడి ఉండగా, హైదరాబాదు నుంచి కారులో వచ్చిన ఒక కుటుంబం వారు చెరువు దాకా నడిచి వెళ్లడానికి దారి ఎటు అని నన్ను అడిగారు. చెప్పబోయి ఆగిపోయాను. నాకు తెలిసిన దారి కాలువ గట్టు మీదుగా పోతుంది. దానికి అడ్డంగా ఆ వారమే ఎవరో ముళ్లకంప వేసి ఉన్నారు. చేసేది లేక తారురోడ్డు చూపించాను. వారు కారెక్కి కట్ట దగ్గరకు పోయి, పది నిమిషాలు నిలబడి ఫొటోలు దిగి, ఎండ ముదరకముందే వరంగల్ దారి పట్టారు. ఆ మూసుకుపోయిన బాట గురించీ, దానిలాంటి మరికొన్నింటి గురించీ మీకు విన్నవించుకోవడానికే ఈ లేఖ.

గుడీ చెరువూ రెండు వేర్వేరు పనులు కావని మీకు తెలియనిది కాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించినట్లు గుడి ఆవరణలోని శాసనం చెబుతుంది. ఊరు, గుడి, చెరువు మూడూ ఒకదానినొకటి పోషించుకునేటట్లు కట్టడం ఆ కాలపు పద్ధతి. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు తొలి అధిపతి అయిన గులాం యజ్దానీ 1922లో పాలంపేటపై వెలువరించిన గ్రంథం కూడా ఒక్క గుడి గురించి కాక, ఇక్కడి గుడులన్నిటి గురించీ మాట్లాడుతుంది. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది మాత్రం రుద్రేశ్వరాలయం, అంటే ఈ రామప్ప గుడి ఒక్కటే. అది గర్వించదగిన రోజే. అయితే ఆ రోజు నుంచి వస్తున్న జనమంతా గుడి ప్రాకారం లోపలే తిరిగి వెళ్లిపోతున్నారు. నల్లరాతి మదనికల శిల్పాలను చూసి, నీటిలో తేలే ఇటుకల గురించి గైడు చెప్పింది విని, చెప్పులు తొడుక్కుంటారు. ఆ గుడికి అన్నం పెట్టిన నీరు ఎక్కడ నిలిచిందో, ఏ వాలున పారిందో వారికి తెలియదు.

తెలియాలంటే నడవాలి. గుడికీ చెరువుకూ మధ్య సుమారు కిలోమీటరు దూరం, అంతే. పొలాల్లోకి దిగగానే కాలువ ఎదురవుతుంది. దాని గట్టు పట్టుకుని నీటికి ఎదురు నడుస్తూ పోతే, నేల ఎత్తు పెరుగుతున్నట్లు కంటికి ఆనదు గాని, పక్కనున్న మడులు ఒకదానికంటే ఒకటి జానెడు, బెత్తెడు ఎత్తున ఉండటం కనబడుతుంది. యాసంగి నారుమడుల కాలంలో పై మడి నుంచి కింది మడికి వదిలిన గండిలో నీరు చిన్నగా చప్పుడు చేస్తుంటుంది. తూము దగ్గరికి చేరి, కట్ట ఎక్కి వెనుదిరిగి చూస్తే సంగతంతా ఒక్కసారిగా అర్థమవుతుంది: ఒకవైపు గుట్టల నడుమ ఆగిన నీరు, రెండోవైపు దానికంటే పల్లంలో పచ్చటి ఆయకట్టు, ఆ పచ్చదనం నడుమ గుడి శిఖరం. నా పంతొమ్మిదో ఏట మా నాన్న నన్ను అక్కడ నిలబెట్టి ఏమీ చెప్పకుండా బీడీ ముట్టించుకున్నాడు. ఆయన చెప్పవలసింది కూడా ఏమీ లేకపోయింది. కట్ట దాపున చెట్ల మధ్య శిథిలమైన చిన్న గుడులు ఉన్నాయి. కారులో వచ్చేవారిలో వాటిని చూసేవారు నూటికి ఒక్కరైనా ఉంటారనుకోను.

ఈ బాటలు ఎవరూ వేసినవి కావు. నీరటి వాళ్లు తూము తెరవడానికి, బెస్తవారు వలలు మోసుకుని, గొల్లవారు మందలు తోలుకుని, ఆడవాళ్లు నాట్లకూ కలుపులకూ పోతూ వస్తూ తొక్కిన దారులు. వీటిలో కొన్ని ఊరి భూముల పటమైన గ్రామ నక్షాలో బండ్ల బాటలుగానో కాలిబాటలుగానో ఉన్నాయి. కొన్ని ఏ కాగితం మీదా లేవు. నక్షా బాటను కూడా నాగలి ఏడాదికో మూర చొప్పున మింగుతుండగా, కాగితం లేనిదాని గతి చెప్పనక్కరలేదు. బైకులు వచ్చిన తరువాత ఊరివారే నడవడం తగ్గించారు. నడవని బాట రెండు వానాకాలాల్లో గడ్డి కింద పోతుంది, మూడో ఏట దానికి హక్కుదారు పుడతాడు.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. భూముల రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. భూముల రికార్డులతో పాటు సర్వే పటాలకూ ప్రాధాన్యం పెరుగుతున్నది. కమతాల హద్దులు కొత్తగా గీసే ఈ సమయంలో వాటి మధ్య నుంచి పోయే బాటలను గీయకపోతే, తరువాత వాటిని తేవడానికి కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. ఇంగ్లండ్, వేల్సులలో 1949 నాటి చట్టం కాలిబాటలన్నిటినీ పటాల మీదికి ఎక్కించే బాధ్యతను స్థానిక సంస్థలపై పెట్టింది. నేటికి అక్కడ సుమారు 2.25 లక్షల కిలోమీటర్ల నడకదారులు ప్రజల హక్కుగా నమోదై ఉన్నాయి. మనం అంత దూరం పోనక్కరలేదు. ఒక్క చెరువు చుట్టూ మొదలుపెట్టినా చాలు.

అయితే ఒక భయం కూడా చెప్పుకోవాలి. ఈ లేఖ చదివి మీ శాఖ వారు కట్ట మీద టైల్సు పరిచి, రంగు దీపాలు పెట్టి, ఇనుప రెయిలింగు వేస్తారేమోనని. చెరువుల పునరుద్ధరణకు చేపట్టిన మిషన్ కాకతీయ కింద నియోజకవర్గాల్లో వెలసిన మినీ ట్యాంక్‌బండ్‌లను చూసినవాణ్ణి కనుక ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పట్టణం మధ్య చెరువుకు అది నప్పుతుందేమో, ఇక్కడ నప్పదు. పైగా 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రణలో ఉంటుంది. కాలిబాటకు నిర్మాణమే అక్కరలేదు కనుక ఆ చిక్కూ రాదు. దారి చీలే ప్రతిచోట మోకాలెత్తు రాయి పాతి, దాని మీద తెలుగులో ఎటుపోతే ఏముందో చెక్కించండి. కాలువలు దాటేచోట రెండు బండలు పరిపించండి. ఏటా వానలు వెలిశాక తుప్పలు కొట్టే పనిని గ్రామ పంచాయతీకి అప్పగించి, అందుకు కావలసిన సొమ్ము ఇప్పించండి. చెరువు నిండి మత్తడి దుంకే రోజుల్లో కట్టకు అవతలి బాటను మూసి ఉంచే అధికారం కూడా వారికే ఉండాలి.

రైతులతో మాట్లాడకుండా మాత్రం అడుగు ముందుకు వేయకండి. ఆ ముళ్లకంప వేసిన రైతు ఎవరో తరువాత తెలిసింది. ఫొటోల కోసం వచ్చిన కుర్రవాళ్లు బైకులు గట్టు మీదికి ఎక్కించి, ఆయన నారుమడిలోకి దింపారట. చెప్పినప్పుడు ఆయన గొంతులో కోపం కంటే అనుమానమే ఎక్కువగా వినిపించింది: “ఇయ్యాల నడిచే బాట అంటరు, రేపు రోడ్డంటరు, ఎల్లుండి నా భూమి అంటరు.” ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంది. బాట వెడల్పు ఎన్ని అడుగులో, అది ఎన్నటికీ పెరగదని, బండి ఎక్కదని రాతపూర్వకంగా ఇస్తే కంప తీస్తానని ఆయనే అన్నాడు.

కనుక రెవెన్యూ, నీటిపారుదల, పురావస్తు శాఖల వారిని వెంటబెట్టుకుని, గ్రామ నక్షా చేతపట్టుకుని మీరే ఒకసారి ఈ బాటలన్నీ నడవాలని కోరుతున్నాను. ఉదయం ఆరున్నరకు గుడి దగ్గర బయలుదేరితే ఎండ ఎక్కకముందే కట్ట చేరుకోవచ్చు. చలికాలం అయితే గట్లు మంచుకు తడిసి ఉంటాయి, జారని చెప్పులు వేసుకుని రండి. ఆ రైతు పొలం దారిలోనే ఉంది.

భవదీయుడు,
ములుగు జిల్లా వాసి