కాలి పుండుకు కట్టే అసలు మందు

సంపాదకులకు,

చీలమండ లోపలివైపు నెలల తరబడి మానని పుండుకు కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్స్ వాడిస్తున్నారు. జ్వరం, చుట్టూ పాకే ఎరుపు లేకుంటే వాటితో పనిలేదు. లోపం సిరల కవాటాల్లో ఉంది. గుండెకు చేరాల్సిన రక్తం కిందికి జారి, ఆ ఒత్తిడికి చర్మం నల్లబడి, గట్టిపడి, చివరికి పుండవుతుంది.

రోగిని నిలబెట్టి, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయాలి. పడుకోబెడితే ఆ జారుడు సరిగ్గా కనబడదు. లోపమున్న సిరను మూసేయాలి. రేడియో తరంగాల వేడి వాడే రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిలో సిర చుట్టూ మత్తు ద్రవం ఎక్కించి, ఒక్కోసారి 7 సెంటీమీటర్ల ముక్కను 120 డిగ్రీల వద్ద 20 సెకన్లు వేడిచేసి మూసేస్తారు. రోగి అదే రోజు నడిచి ఇంటికెళ్తాడు. 450 మందిపై బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, రెండు వారాల్లోపే సిర మూసినవారిలో పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, వాయిదా వేసినవారిలో 82. కాలిని నొక్కిపట్టే ఒత్తిడి కట్టు మాత్రం ఇరువర్గాలకూ వేశారు. సిర మూయించుకున్నాం కదా, ఇక కట్టెందుకు అనేవాళ్లు ఇది గమనించాలి.

కట్టులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ముందు దూది పొర వేసి, కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి కింది వరకు, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టాలి. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గాలి. పిక్క దగ్గర బిగిస్తే పాదం వాచిపోతుంది. వేళ్లు నీలమైనా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయాలి.

అంతకుముందే చీలమండ, చేతి రక్తపోట్ల నిష్పత్తి చూడాలి. 0.8 కంటే తక్కువైతే ధమనుల జబ్బు ఉన్నట్టే, గట్టి కట్టు ప్రమాదం. మధుమేహులలో ధమనులు గట్టిపడి ఈ అంకె అబద్ధం చెబుతుంది కాబట్టి బొటనవేలి పీడనం కొలవాలి. మూడు నెలలైనా తగ్గని పుండు అంచు నుంచి ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపాలి.

– ఒక రక్తనాళ శస్త్రవైద్యుడు, గుంటూరు