నువ్వు ఉయ్యాల్లోంచి పడలేదు

బుజ్జీ,

నిన్న నువ్వడిగినదానికి జవాబు చెప్పలేక, పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశాను. నీళ్లు తాగేటప్పుడు మోచెయ్యి అలా పక్కకి లేస్తుందేమని నీ రూమ్మేట్ అడిగిందన్నావు. నువ్వేమో నేను చెప్పిన మాటే చెప్పావు, చిన్నప్పుడు ఉయ్యాల్లోంచి పడ్డానని. నువ్వు పడలేదమ్మా. పంతొమ్మిదేళ్లుగా ఆ అబద్ధం చెప్పింది నేను.

నువ్వు పుట్టినప్పుడు 4 కిలోల 300 గ్రాములు ఉన్నావు. కడుపుతో ఉండగా నాకు షుగర్ వచ్చింది. అలాంటప్పుడు బిడ్డ పెద్దగా, భుజాలు వెడల్పుగా పెరుగుతుంది. కాన్పులో తల బయటికొచ్చింది కానీ భుజం నా కటి ఎముక వెనక ఇరుక్కుపోయింది. నిమిషాల్లో బయటికి తీయకపోతే బిడ్డ ప్రాణానికే ముప్పు. ఆ లాగడంలో నీ మెడకీ కుడి భుజానికీ మధ్య నరాలు దెబ్బతిన్నాయి.

మెడలోంచి ఐదు నరాలు బయల్దేరి, ఒకదానితో ఒకటి అల్లుకుని చేతిలోకి దిగుతాయి. నీకు దెబ్బ తగిలింది పై రెండింటికి. భుజం ఎత్తడం, మోచెయ్యి మడవడం, అరచెయ్యి పైకి తిప్పడం చాలావరకు వాటి పనే. దీన్ని ఎర్బ్స్ పాల్సీ అంటారు.

ఉలిక్కిపడితే నీ ఎడమ చెయ్యి లేచేది. కుడిది పక్కన వేలాడుతూ ఉండేది, అరచెయ్యి వెనక్కి తిరిగి. కానీ ఆ అరచేతిలో నా వేలు పెడితే గట్టిగా పట్టుకునేదానివి. వేళ్లని ఆడించేవి కింది నరాలు, అవి బాగానే ఉన్నాయి. ఆ పట్టు చూసుకునే రోజులు గడిపాను.

ఇంటికొచ్చినవాళ్లు తలా ఒక మాట అన్నారు. గ్రహణం నాడు నేను బయటికి వచ్చానన్నారు. పుత్తూరు కట్టు వేయించమన్నారు. ఎముక విరగలేదు, ఇంక కట్టెందుకు? ఒకావిడ నూనె రాసి చెయ్యి గుంజబోతే నిన్ను లాక్కుని లోపలికి వెళ్లిపోయాను. ఆ మాటలు నీ చెవిన పడకూడదనే ఉయ్యాల కథ అల్లాను. తప్పు చేశాను.

తెగిన నరం పోగు మళ్లీ పెరుగుతుంది, కానీ రోజుకి సుమారు ఒక మిల్లీమీటరే. మెడ దగ్గర నుంచి కండ దాకా రావాలంటే నెలలు పడుతుంది. మూడో నెలకి మోచెయ్యి మడుస్తుందో లేదో చూద్దామన్నారు డాక్టరు. లేకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. పన్నెండో వారంలో ఒక సాయంత్రం, పడుకోబెట్టి ఉండగా, నీ కుడి చెయ్యి మెల్లగా మడిచి నోటి దగ్గరికి తెచ్చుకున్నావు. ఏడుస్తూ మీ నాన్నని కేకేశాను.

అంతా తిరిగి రాలేదు. చేతిని లోపలికి తిప్పే కండలకి కింది నరాల బలం కూడా ఉంది, బయటికి తిప్పేవి నీరసపడ్డాయి. అందుకే చెయ్యి నోటి దాకా రావాలంటే మోచెయ్యి లేపాల్సి వస్తుంది. అందుకే గుళ్లో తీర్థం పట్టడానికి ఒళ్లంతా ఒక పక్కకి వంచుతావు. వెనక జడ వేసుకోవడం కష్టమై పక్క జడ వేసుకుంటావు. కుడి చెయ్యి కాస్త పొట్టి, అందుకే నీ కుర్తాలకి ఆ పక్క అర అంగుళం తగ్గించి కుట్టిస్తాను. ఇవన్నీ చూస్తూనే ఉన్నాను, నోరు విప్పలేదు.

నువ్వు చరిత్ర చదువుతున్నావు కదా. 1859లో పుట్టిన జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కీ కాన్పులోనే ఎడమ చెయ్యి ఇలా అయింది. ఫోటోల్లో ఆ చేత్తో గ్లోవ్స్ పట్టుకునో, కత్తి పిడి మీద పెట్టుకునో ఉంటాడు, లోపం కనబడకుండా. నువ్వలా దాచుకోవడం నాకిష్టం లేదు. అడిగినవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇంకోటి. ఇది రక్తంలో వచ్చేది కాదు, రేపు నీ పిల్లలకి వస్తుందని భయపడకు. నీ కాన్పులో భుజం అలా ఇరుక్కుందని తెలిసే, తమ్ముణ్ణి సిజేరియన్ చేసి తీశారు.

మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పి పట్టుకునే ఎక్సర్‌సైజు మానకు, భుజం బిగుసుకుపోతుంది. హాస్టల్లో సిగ్గేస్తే తలుపేసుకుని చెయ్యి.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఈసారి పెట్టెయ్యను.

అమ్మ