చార్జి లిస్టులో కంప్యూటర్ ఎందుకు లేదు?

సంపాదకుడు గారికి,

నమస్కారమండి. కోనసీమలో, అమలాపురానికి కాస్త ఇవతల ఒక సెంటర్‌లో పదిహేనేళ్లుగా చిన్న కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాను. కిందటేడు వేసవిలో ఒక తప్పు చేశాను. అది నా ఒక్కడితో పోయేదైతే మీ పేపర్లో చోటు అడిగేవాణ్ణి కాదు, కానీ అదే తప్పు రేపు ఇంకో ఊళ్లో ఇంకొకడు చేస్తాడని నాకు బాగా తెలుసు, అందుకే రాస్తున్నాను.

మా దగ్గర్లో ఒక ఆఫీసు ఉంది, ఏ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్లంతా మంచివాళ్లే. బదిలీల్లో పాతాయన వేరే మండలం వెళ్లిపోయారు, ఆ సీట్లోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఫోన్ చేస్తే వెళ్లాను. "ఆన్ చేస్తే ఇంకా ఆయన పేరే వస్తోంది అన్నయ్యా, సి డ్రైవ్ నిండిపోయిందని ఎర్రగీత చూపిస్తోంది, ఆయన యూజర్ తీసేసి నా పేరు పెట్టేయి" అంది. పాతాయనవి ఏమన్నా దాచాలా అని అడిగాను. ఆ అమ్మాయి పక్క సీటు గుమాస్తా గారి వంక చూసింది. ఆయన ఫైల్లోంచి తల ఎత్తకుండానే "ఆయ్, ఆయన చార్జి మొత్తం అప్పగించే వెళ్లారండి, తీసేయండి" అన్నారు. తీసేశాను.

విండోస్ సెట్టింగ్స్‌లో ఒక యూజర్ని తీసేయబోతే ఖాతా, డేటా రెండూ తీసేస్తానని ఒకే బొత్తాం చూపిస్తుంది, పైన చిన్న అక్షరాల్లో డెస్క్‌టాపు, డాక్యుమెంట్లు, ఫోటోలు అన్నీ పోతాయని హెచ్చరిక ఉంటుంది, రోజుకి పది మెషీన్లు చూసేవాడికి ఆ అక్షరాలు కళ్లకి ఆనవు. అలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. పాత కంట్రోల్ ప్యానెల్ దారిలో వెళితే మాత్రం ఫైళ్లు ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది, ఉంచమంటే డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో పెడుతుంది. ఆ దారి ఇప్పటికీ ఉంది, నేనే అటు వెళ్లలేదు.

మర్నాడు సాయంత్రం పాతాయన ఆ అమ్మాయికి ఫోన్ చేశారట. "అమ్మా, నా డెస్క్‌టాప్ మీద వరద అని ఒక ఫోల్డరుంటుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించవా" అని. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీళ్లు మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి ఇంకా పైకి పోయినప్పుడు మా లంకలన్నీ మునిగాయి కదా, అప్పుడు ఆయన పడవెక్కి ఇల్లిల్లూ తిరిగి తీసిన ఫోటోలవి, వాటితో పాటు ఎవరి ఇంట్లో ఎంత పోయిందో రాసుకున్న జాబితాలూ. పైకి పంపాల్సిన లెక్కలు అప్పుడే పంపేశారు, కానీ ఎవరికో పేరు తప్పు పడిందనో, ఇల్లు రాయలేదనో మొన్న మొన్నటి దాకా మనుషులు వస్తూనే ఉన్నారట, వచ్చినప్పుడల్లా ఆయన ఆ ఫోల్డర్ తెరిచి చూపించేవారట. ఆ సంగతి చార్జి కాగితంలో లేదు. కుర్చీలు మూడు, బీరువా తాళాలు రెండు, రిజిస్టర్లు ఇన్ని, స్టాంపు ప్యాడ్ ఒకటి అని మాత్రం ఉంది, నేను నా కళ్లతో చూశాను.

ఆ అమ్మాయి పాపం తెలివైనదే, పాతాయన పేరుతోనే మళ్లీ ఒక యూజర్ చేసి చూసింది. పేరు ఒకటే అయినా ప్రతి యూజర్‌కీ లోపల ఒక పొడుగాటి నంబరు ఉంటుంది, కంప్యూటర్ గుర్తుపట్టేది దాన్నే, కొత్త యూజర్‌కి కొత్త నంబరే వస్తుంది, ఖాళీ డెస్క్‌టాపే వస్తుంది. సిస్టమ్ రీస్టోర్ కూడా నొక్కిందట. అది విండోస్ సెట్టింగుల్ని వెనక్కి తెస్తుందే తప్ప మన ఫోటోల్ని తేదు, పైగా డిస్కు మీద ఇంకాస్త రాస్తుంది. ఇవన్నీ అయ్యాక నాకు ఫోన్. నేను చెప్పింది ఒక్కటే, షట్‌డౌన్ కూడా చేయొద్దమ్మా, ప్లగ్ లాగేయ్, నేను వస్తున్నాను.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫైలు తీసేశామంటే డిస్కు మీద అది చెరిగిపోయినట్టు కాదండి. అడంగల్లో రైతు పేరు కొట్టేసినట్టు, అంతే. చేను అక్కడే ఉంటుంది, ఇంకొకడొచ్చి దమ్ము చేసి ఊడ్చేదాకా పాత దుబ్బులు అలాగే ఉంటాయి. కాకపోతే ఆ డిస్కు ముందే నిండిపోయి ఉంది కదా, ఖాళీ అంటూ ఉన్నది నేను ఖాళీ చేసిన చోటే, ఆ ఒకటిన్నర రోజులో విండోస్ అప్‌డేటు దిగింది, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, అన్నీ వెళ్లి ఆ ఫోటోల మీదే కూర్చున్నాయి.

డిస్కు విప్పి షాపుకి తెచ్చి నా మెషీన్‌కి రెండో డ్రైవ్‌గా తగిలించాను. అలాంటి డిస్కుతో విండోస్ ఆన్ చెయ్యకూడదు, రికవరీ సాఫ్ట్‌వేర్ దాని మీద పెట్టకూడదు, దొరికినవి దాని మీదకే తియ్యకూడదు. ముందు మొత్తం డిస్కుకి నకలు తీసుకున్నాను, పని నకలు మీద మొదలుపెట్టాను. మైక్రోసాఫ్ట్ వాళ్లే 2020లో విండోస్ ఫైల్ రికవరీ అని ఒకటి ఉచితంగా ఇచ్చారు, నల్ల తెర మీద ఆదేశాలు టైపు చెయ్యాలి, దాంతో కొన్ని పేర్లతో సహా వచ్చాయి. మిగతావాటికి ఫోటోరెక్ పెట్టాను. అదీ ఉచితమే, గట్టి పనిమంతురాలు, కానీ పేర్లు గుర్తుపెట్టుకోదు. ఎఫ్ అక్షరం, దాని పక్కన ఏడంకెలు, అలా వేల ఫైళ్లు కుప్ప పోసింది. అందులో ఇంటర్నెట్ పేజీల చిన్న చిన్న బొమ్మలూ, సంక్రాంతి శుభాకాంక్షలూ, ఎవరివో ఆధార్ జిరాక్సులూ కూడా. ఇది చదివాక పాత కంప్యూటర్లు పాతసామాను వాళ్లకి అమ్మేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించుకోండి, నాకు దొరికినవి వాళ్లకీ దొరుకుతాయి.

జాబితాల దగ్గర ఇంకో చిక్కు. పాతాయన కొన్ని వర్డ్‌లో అను ఫాంట్లతో టైపు చేశారు. యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదివే తెలుగు అయితే వరద అని కొట్టి ఫైళ్ల లోపల వెతికేవాణ్ణి. అను ఫాంట్ తీసేస్తే లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కిచిడీ, ఏం కొట్టి వెతకను? ఒక్కొక్క ఫైలూ తెరిచి, ఫాంట్ మార్చి, చదివి, పేరు పెట్టాను. తొమ్మిది రాత్రులు పట్టింది, మధ్యమధ్యలో కరెంటు పోవడం. మా ఆవిడ "వాళ్లు డబ్బులేమన్నా ఇస్తున్నారా" అని అడిగింది. నేను తీసుకోలేదు, తప్పు నాది కదా.

ఫోటోలు చాలావరకు వచ్చాయి. సగమే వచ్చిన వాటిలో ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. పెంకుటిల్లు, ఇంటి ముందు ఒక ముసలాయన, గోడ మీద నీటి చార ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపిస్తున్నారు. తీసినవాళ్లు అందుకే తీశారు ఆ ఫోటో. పెంకులు కనిపిస్తున్నాయి, తలపాగా కనిపిస్తోంది, ఎత్తిన భుజం కనిపిస్తోంది, కింద సగమంతా బూడిదరంగు పట్టీ. వేలూ లేదు, చారా లేదు.

ఇదంతా పాత హార్డ్‌డిస్కు కాబట్టి ఈ మాత్రమన్నా. ఇప్పుడొచ్చే మెషీన్లలో చాలావాటిలో ఎస్‌ఎస్‌డీలే, అంటే లోపల తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్కులు. వాటిలో ఫైలు తీసేయగానే ఆ చోటు అక్కర్లేదని విండోస్ కబురు పెడుతుంది, దాన్ని ట్రిమ్ అంటారు, డ్రైవ్ తీరిగ్గా ఉన్నప్పుడు తనే తుడిచేసుకుంటుంది. ఆ మధ్య ఒక మాస్టారు ల్యాప్‌టాప్ తెచ్చారు, సరిగ్గా ఇలాగే యూజర్ తీసేసుకున్నారు, రెండు గంటలు కూడా కాలేదు, ఒక్క ఫైలు రాలేదు. వన్‌డ్రైవ్‌లో ఉన్నవి మాత్రం పోలేదు, అవి ఇంటర్నెట్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల దగ్గర ఉంటాయి, అక్కడ చేత్తో తీసేసినా మామూలు ఖాతాకి 30 రోజులు దాని బిన్‌లో ఉంటాయి. మన ఆఫీసుల్లో, స్కూళ్లలో, సొసైటీల్లో చాలాచోట్ల నేను చూసినవి లోకల్ ఖాతాలు, అంటే ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉండేవి. వాటికి ఆ దిక్కు కూడా లేదు.

పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. మెషీన్లు మారుస్తున్నారు, యూజర్లు మారుస్తున్నారు, నాకు వారానికి రెండు మూడు పిలుపులు వస్తున్నాయి, ప్రతి చోటా అదే మాట, "పాతాయన చార్జి ఇచ్చేసే వెళ్లారండి".

అధికారుల్ని నేను అడిగేది పెద్దదేం కాదు. చార్జి అప్పగింత కాగితంలో ఇంకో వరస కలపండి. ఈ కంప్యూటర్లో, ఈ యూజర్ కింద, ఈ ఫోల్డర్లు ఉన్నాయి, వీటి నకలు ఫలానా బయటి డిస్కులో వేశాం, వచ్చినవాళ్లు తెరిచి చూసుకున్నారు అని ఇద్దరి సంతకాలు. ఆ డిస్కు బీరువాలో, మా లంకల్లో అయితే పై అరలో. రెండోది, వెళ్లినవాళ్ల యూజర్ని ఆరు నెలల దాకా తీసేయకండి, ఆపెయ్యండి చాలు. నిర్వాహకుడి హోదాలో కమాండ్ తెర తెరిచి నెట్ యూజర్ అని కొట్టి, ఆ పేరు రాసి, ఒక ఖాళీ వదిలి /active:no అని కొడితే లాగిన్ ఆగిపోతుంది, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, ఇది నేర్పడానికి పావుగంట చాలు. మా మండలంలో ఏ ఆఫీసువాళ్లు పిలిచినా నేనొచ్చి నేర్పిస్తాను, పైసా తీసుకోను. డిస్కు నిండిపోయిందని యూజర్ని తీసేయమనే వాళ్లకి మాత్రం, నాతో సహా ఏ రిపేరువాడైనా, ముందు పాతాయనకి ఫోన్ కలపండి అని చెప్పాలి. ఆ రోజు నేను ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది, నంబరు గోడ మీద క్యాలెండర్ పక్కనే రాసి ఉంది.

సగం వచ్చిన ఆ ఫోటో ఇంకా నా దగ్గరే ఉంది. 2022లో లంకల్లో పడవల మీద తిరిగి ఫోటోలు తీసినవాళ్లు మీ పాఠకుల్లో ఇంకా ఉంటారు, ఆ పెంకుటిల్లు ఎవరి ఫోన్లోనైనా ఉందేమో ఒకసారి వెతికి ఆ ఆఫీసుకి అందజేస్తే ఆ అమ్మాయి ఫోల్డర్లో పెట్టుకుంటుంది, ఆమె ఇప్పుడు రెండు నకళ్లు ఉంచుతోంది.

ఇట్లు,
ఒక కంప్యూటర్ రిపేరువాడు,
కోనసీమ